గడ్డి తిన్న రాజుకు కూడు పెట్టిందెవరు?

పోయిన వారం, బళ్ళో చదువూ సంఘంలో వాక్యమూ చెప్పే ఉపదేశి రాజారత్నాన్ని మనం నాగులమ్మ గుడిసె ముందు, చేతిలో ఒక ఖాళీ సత్తుగిన్నెతో నిలబెట్టి వచ్చాం. ఆ గిన్నె అతనికి జీనుగకోన బాటలో దొరికింది. బేతనీపాళెం ఆడవాళ్ళు పట్టపగలు కూడా ఆ బాట తొక్కడం మానేసి ఆరు నెలలైంది. కోనలో బొచ్చుమనిషి ఉన్నాడు. చూసినవాళ్ళు ఏడుగురు. నాలుగు కాళ్ళ మీద పాకుతూ పోయిందని ఒకరంటే, రెండు కాళ్ళ మీద నిలబడి తమను చూసిందని ఇంకొకరు అన్నారు. ఒళ్ళంతా నల్లటి బొచ్చు అనడంలో మాత్రం ఏడుగురిదీ ఒకటే మాట. పక్కనున్న హిందువుల పల్లెలో అది కొండదేవర కాపలావాడని చెప్పి కోడిని వదిలారు. క్రైస్తవుల పాళెంలో అది సాతాను పంపిన దయ్యం అన్నారు. సంఘపెద్ద దేవరాజులు కూతురు కరుణ, ఎనిమిదేళ్ళ పిల్ల, మడుగు దగ్గర దాన్ని చూసి జడుసుకుని జ్వరంతో పడి ఉంది. ఆ పిల్ల రెక్క మీద అయిదు గోళ్ళ గీతలు ఉన్నాయి. శుక్రవారం కూటంలో ఉపదేశి వాక్యం తీసి అది దయ్యమో జంతువో తేల్చి చెప్పాలి, శనివారం తుపాకీతో వేటకు పోవాలి అని దేవరాజులు నిర్ణయించాడు.

ఇవాళ గురువారం. పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా రెండు గంటలుంది.

"ఇది నీదేనా, నాగులమ్మక్కా?" అని అడిగాడు రాజారత్నం.

నాగులమ్మ వాకిట్లో కూర్చుని చీపుర్లు కడుతోంది. యాభై దాటిన మనిషి. పుల్లల కట్ట మోకాళ్ళ మధ్య బిగించి, తలెత్తి గిన్నె వైపు చూసింది.

"నాదే. అంచు మీద వసంత పేరు కొట్టించినాను గదా. సదువుకున్నోడివి, సూడలేదా?"

చూశాడు. చూశాడు కనకనే కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. వసంతమ్మ నాగులమ్మకు ఒక్కగానొక్క కూతురు. తన దగ్గరే బళ్ళో అక్షరాలు దిద్దిన పిల్ల. ఆరేళ్ళ కిందట మొగుడితో రంగూను పోయింది. రంగూను మీద బాంబులు పడినప్పటినుంచి ఆ మొగుడూ పెళ్ళాల జాడ లేదు. నాగులమ్మ తరఫున రాజారత్నమే తొమ్మిది ఉత్తరాలు రాశాడు. రెండు తిరిగి వచ్చాయి. మిగిలినవి తిరిగి కూడా రాలేదు.

"బొచ్చుమనిషి తిరిగే దోవలో నీ గిన్నె ఎందుకు పడి ఉంది?"

"నిన్న ఆ దోవన మనుషుల సందడి వినపడె. నన్ను సూస్తారని గిన్నె ఆడనే పారేసి, సంగటి ముద్ద కొంగులో కట్టుకొని ఎనక్కి వచ్చేసినా." పుల్ల ఒకటి కట్టలోకి దోపింది. "నిన్నటి కూడు అందలేదయ్యా దానికి."

రాజారత్నం అరుగు మీద కూలబడ్డాడు. "దయ్యానికి కూడు పెడుతున్నావా, అక్కా?"

"దయ్యానికి ఆకలవతాదా?"

 మూడు దినాలుగా రాజారత్నం గ్రంథం ముందు వేసుకుని కూర్చున్నాడు. అడవిలో తిరిగే మేకరూపపు దయ్యాల మాట ఒకచోట ఉంది. సమాధుల్లో కాపురముండి సంకెళ్ళు తెంచుకున్న మనిషి కథ ఒకచోట ఉంది. ఎవరూ లొంగదీయలేని మహాజంతువు గురించి దేవుడు తానే మురిసిపోతూ చెప్పుకున్న మాటలు ఒకచోట ఉన్నాయి. ఏది ఈ కోనకు అతుకుతుందో తెలియలేదు. కానీ దయ్యానికి ఆకలేస్తుందని ఎక్కడా లేదు.

"ఎప్పటినుంచి?"

"సంకురాత్రికి ముందరనుంచి. నేను కట్టెలకు పోతానా, రాతి మీద ఎండుకట్టెలు ఇరిసి పేర్చి ఉంటాయి. ఒక పొద్దు గాదు, రెండు పొద్దులు గాదు. నా నడుం వొంగదని ఎవురికి తెలుసు? మొదట్లో నాకూ బయమే. మల్ల అనుకున్నా, నాకు కట్టెలు పేర్చే దానికి నేను ఒక ముద్ద పెట్టలేనా అని. రాతి మీద పెట్టి, ఎనక్కి తిరక్కుండా పరిగెత్తి వచ్చేదాన్ని. మర్నాడు పోతే గిన్నె బోర్లించి ఉంటాది. ఇసకేసి తోమి."

"తోమి?"

"తళతళా తోమి."

రాజారత్నం చేతిలోని గిన్నె వైపు చూసుకున్నాడు. గిన్నెను ఇసుకతో తోమే జంతువును దేవుడు ఏ దినాన సృష్టించి ఉంటాడు?

"నువ్వే గదయ్యా సెప్పినావు, గడ్డి దిన్న రాజు సంగతి," అంది నాగులమ్మ. "బబులోను రాజు. గర్వానికి మతి పోయి అడివిలో పశువుల్తో మేసినాడని, ఎంట్రుకలు గద్ద ఈకలమాదిర పెరిగినాయని, గోళ్ళు పక్షి గోళ్ళయినాయని. ఆ పొద్దు నేను నిన్ను ఒక మాట అడిగినా. గ్యాపకం ఉండాదా?"

లేదన్నాడు రాజారత్నం.

"ఆ ఏడేళ్ళూ ఆయనకు ఎవురైనా పిడికెడు కూడు పెట్టినారా అని అడిగినా. గ్రంథంలో రాయలేదు అన్నావు. ఆ పొద్దంతా నాకు అదే దిగులు. రాజు గదా, పెండ్లాం పిలకాయలు ఉండుంటారు, ఒక్కరన్నా పోయి పెట్టలేదేమో అని." పుల్లల కట్ట పక్కన పెట్టి లేచింది. "గ్రంథంలో రాయకపోతే మనం పెట్టకూడదని గాదు గదా."

లోపలికి పోయి సంగటి ముద్ద, దాని మీద ఊరిబిండి పచ్చడి పెట్టుకుని వచ్చింది. ఆ గిన్నె అతని చేతిలోంచి తీసుకుని కడిగి, అందులో సర్దింది.

"వస్తావా? లేకపోతే దేవరాజులుకు సెప్పేదానికి పోతావా?"

రాజారత్నం భుజం మీది కండువా సర్దుకుని ఆమె వెనక నడిచాడు.

జీనుగకోనకు రెండు మైళ్ళు. పాళెం దాటాక కొంత దూరం కంది చేలు, ఆ తర్వాత అడవి. ఎర్రచందనం మానుల మీద అటవీశాఖవాళ్ళు సుత్తితో కొట్టిన గుర్తులు తప్ప మనుషుల జాడ లేదు. కింద ఎక్కడో మామండూరు వైపు మిలిటరీ సామాను రైలు కూసుకుంటూ పోయింది. ఎండుటాకుల మీద తన అడుగుల చప్పుడుకు తానే రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు రాజారత్నం. ముందు నడిచే నాగులమ్మకు ఆ బెదురు లేదు. చద్ది తీసుకుని చేనికి పోయే ఆడమనిషిలా పోతోంది.

కోనలోకి దిగేచోట జీనుగ చెట్లు గుంపుగా ఉన్నాయి. వాటి కింద సన్నటి వాగు. వాగు దాటితే చాపంత వెడల్పు బండ. బండ వెనక రెండు పెద్ద గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని గుహలా ఏర్పడిన నీడ. బండ మీద ఎండుకట్టెలు పేర్చి ఉన్నాయి, ఒకే పొడవున, నారతో కట్టి. పక్కన రెండు మోదుగాకుల్లో తేనెపట్టు ముక్క.

"సూసినావా," అంది నాగులమ్మ గొంతు తగ్గించి. "నిన్న నేను కూడు తేకపోయినా నాకు తేనె పెట్టింది."

గిన్నె బండ మీద పెట్టింది. పెట్టి ఎప్పటిలా వెనక్కి తిరగబోయి ఆగింది.

"రోజూ బయంతో ప్రార్థన చెయ్యకుండానే పెట్టి పరిగెత్తినా. ఈ పొద్దు నువ్వుండావు గదా. ప్రార్థన చెయ్యయ్యా."

రాజారత్నం కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, చావుల్లో, పంటల పండుగల్లో తడుముకోకుండా ప్రార్థించిన నోరు. ఇప్పుడు మాట పెగల్లేదు. ఎవరి కోసం ప్రార్థించాలి? ఏ పేరు చెప్పి?  నాగులమ్మ ఓపిక పట్టి, చివరికి తానే అందుకుంది.

"కూడిచ్చిన తండ్రీ, ఇది నీ కూడు. తినే నోరు నీ నోరు..."

అది సంఘంలో చెప్పే ప్రార్థన కాదు. కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్న రోజుల్లో, అక్షరం రాని నాగులమ్మ తన ఇంట్లో పిల్లలిద్దరికీ నేర్పడానికి తానే కట్టుకున్న మాటలు. సరైన ప్రార్థన నేర్చుకో అక్కా అని రాజారత్నం ఒకసారి అన్నాడు. అట్లనే అని తల ఊపి, ఇంట్లో మాత్రం ఆమె దీన్నే చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు రెండో మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఈ మాటలు ఎవరికి నేర్పిందో వాళ్ళు గుర్తొచ్చి ఉంటారు. మూడో మాట రాలేదు.

గుండ్ల వెనకనుంచి, చాలా రోజులుగా వాడని గొంతు ఒకటి, గరగరమంటూ, ఆ మూడో మాట చెప్పింది.

"కూడు లేనోళ్ళను మరిసిపోవద్దు నాయనా. ఆమెన్."

రాజారత్నం కళ్ళు తెరిచాడు.  నాగులమ్మ కదలకుండా నిలబడి ఉంది. ఆమె మొహంలో భయం లేదు. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదులుతున్నాయి. ఆ ప్రార్థన లోకంలో ముగ్గురికే వచ్చు. ఒకరు తను. రెండు, వసంత. మూడు, తల్లీ తండ్రీ కలరాకు పోతే తను తెచ్చి పెంచుకున్న అన్న కొడుకు. పెరిగాక తన కూతుర్నే ఇచ్చి అల్లుణ్ణి చేసుకున్నవాడు.

"సుందరా?" అంది.

గుండ్ల వైపు ఒక అడుగు వేసింది.

"సుందరరాజూ! నువ్వేనంట్రా?"

"రావొద్దత్తా." గొంతు ఏడుపులో మునిగింది. "ఈడికి రావొద్దు. నేను ఇంగ మనిసిని గాను."

"మనిసివి గాకపోతే నాకు అల్లుడివి ఎట్లయినావురా?" అంటూనే నాగులమ్మ బండ ఎక్కి గుండ్ల మధ్యకు పోయింది. రాజారత్నం వెంట పోయాడు.

గొర్రెల కాపరులు కప్పుకునే నల్ల కంబళి ఒంటికి చుట్టి, నారతో కట్టుకుని ఉన్నాడు. అది చినిగి, పోగులు వేలాడుతూ దూరానికి బొచ్చులాగే ఉంది. జుట్టు నడుం దాకా అట్టలు కట్టింది. గడ్డం రొమ్ము మీద పడుతోంది. ఎడమ కాలు మోకాలి కింద ఎండిపోయిన కట్టెలా ఉంది. పాత పుండు మానిన గుంట, దాని పక్కనే ఇంకా మానని పుండు. ఆ కాలితో నాలుగడుగులు నడిస్తే అలిసిపోతాడు. తర్వాత చేతులు ఆనించి పాకాలి. ఏడుగురు చెప్పినవి ఏడు అబద్ధాలు కావని, వాళ్ళు చూసిందంతా నిజమేనని రాజారత్నానికి అప్పుడు అర్థమైంది. మనిషి అన్న ఒక్క సంగతే ఎవరికీ కనపడలేదు.

సుందరరాజు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. నాగులమ్మ ఆ చేతులు తీయలేదు. పక్కన చతికిలబడి, తల తన ఒళ్ళోకి లాక్కుంది. అట్టలు కట్టిన జుట్టు మీద చెయ్యి వేసి, "ఎంత పెరిగిందిరా నాయనా," అంది. "సిన్నప్పుడు దువ్వనిచ్చేటోడివి గాదు. ఇప్పుడూ అంతేనా?"

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె సంగటి తుంచి, ఊరిబిండి అద్ది నోట్లో పెట్టింది. నమలడానికి పళ్ళు సరిగా లేవు. మెత్తగా పిసికి పెట్టింది. ఎప్పుడు తిన్నావు, కాలికి ఏమైంది, చలికి ఏం చేసినావు, పాము తేలు ముట్టలేదు గదా అని ఒక్కొక్కటే అడిగింది. రంగూనునుంచి నడిచి వచ్చామని, అడవులూ కొండలూ దాటామని, దోవలో జలగలు పట్టిన చోటల్లా పుండ్లయ్యాయని అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

అన్నీ అడిగింది నాగులమ్మ. ఒక్కటి మాత్రం అడగలేదు. రాజారత్నం గమనించాడు. అడిగితే జవాబు వస్తుందన్న భయం ఆమెది. అతను కూడా అడగలేదు. కొంగు తడిపి ఆమె పుండు తుడుస్తుంటే వాగునుంచి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

తప్పెట మోత అప్పుడు వినపడింది.

శనివారం కదా వేట! రాజారత్నం బండ మీదికి ఒక్క అంగలో వచ్చాడు. వాగు అవతల జీనుగ చెట్ల కింద పదిమంది దాకా ఉన్నారు. చేతుల్లో కర్రలు, బరిసెలు. ముందర దేవరాజులు. అతని పక్కన పక్క పల్లె వేటగాడు మునిరామయ్య, తుపాకీ పట్టుకుని. దేవరాజులు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదు, తిండి లేదు.

"ఉపదేశయ్యా! నువ్వు ఈడ ఏం చేస్తుండావు? తప్పుకో!"

"శనివారం కదన్నా అనుకున్నాం?"

"శనివారం దాకా నా బిడ్డ ఉంటాదో ఉండదో! పొద్దున్నుంచి ఒళ్ళు పెనంమాదిర కాలిపోతాంది. కండ్లు తెరిస్తే బొచ్చుదయ్యం అంటాది, మూస్తే బొచ్చుదయ్యం అంటాది. అది సచ్చిందని దాని సెవిలో సెప్పాల. అప్పుడుగాని నా బిడ్డకు జరం దిగదు. ఆ గుండ్ల ఎనక ఏందో కదుల్తాంది. తప్పుకో అంటుండా!"

మునిరామయ్య తుపాకీ ఎత్తాడు.  రాజారత్నం గుండ్లకు అడ్డంగా జరిగాడు. చేతులు చాచాడు. బళ్ళో పిల్లల్ని వరసలో నిలబెట్టే మనిషికి ఇంతకంటే ధైర్యమైన పని ఏనాడూ పడలేదు.

"దేవరాజులన్నా, అది దయ్యమా జంతువా అని నన్ను రేపు చెప్పమన్నావు. ఇప్పుడే చెప్తాను, విను. దయ్యమైతే తుపాకీ గుండు దాన్ని ఏం చేస్తాది? దానికి ప్రభువు పేరు చాలు. జంతువైతే దేవుడు చేసి, చూసి, మంచిదన్న జంతువు. ఆదామును పిలిచి ఇవి నీ చేతికిస్తున్నా, పేర్లు పెట్టు అన్నాడేగాని చంపమన్లేదు. మూడోది ఒకటుంది. మనిషైతే? దేవుడి పోలిక ఉన్న మనిషైతే? ఏ లెక్కన చూసినా తుపాకీకి ఈడ పనిలేదన్నా."

"ఆ లెక్కలు నీ బిడ్డ మంచాన పడితే సెప్పుదువు గాని!" దేవరాజులు గొంతు చీలిపోయింది. వాగులోకి దిగాడు.

"దేవరాజులన్నా." గుండ్ల వెనకనుంచి ఆ గరగర గొంతు మళ్ళీ వచ్చింది. "కరుణమ్మకు ఇంకా బాగ లేదా?"

తప్పెట ఆగిపోయింది. దేవరాజులు వాగు మధ్యలో కొయ్యబారిపోయాడు.

"నా బిడ్డ పేరు... దానికి ఎట్ల తెలుసు?"

"మీ ఇంటామె దూరంగా గట్టు మీదనుంచి కరుణమ్మా కరుణమ్మా అని పిలుస్తాంటే ఇన్నా. బిడ్డ పాచిబండ మీద కాలు జారి మడుగులో పడె. లోతులోకి పోతాంటే రెక్క పట్టి లాగి గట్టున ఏసినా. నా గోళ్ళు గీసుకున్నాయి. తప్పు నాదేనన్నా. గోళ్ళు తీసుకునేదానికి నాకాడ కత్తి లేదు."

దేవరాజులుకు గుర్తొచ్చింది. ఆ రోజు కరుణను ఇంటికి ఎత్తుకొచ్చినప్పుడు పిల్ల ఒళ్ళూ గుడ్డలూ తడిసి ముద్దయి ఉన్నాయి. దయ్యం నీళ్ళలోకి ఈడ్చిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. పిల్లే జారి మడుగులో పడిందేమోనని ఎవరూ అనుకోలేదు.

నాగులమ్మ అల్లుడి చంక కింద భుజం ఆనించి, లేపి, బండ మీదికి నడిపించుకు వచ్చింది. ఎండలో అతను కళ్ళు చికిలించాడు. మునిరామయ్య వెనక్కి ఒక అడుగు వేశాడు. "సూడప్పా దేవరాజులూ," అంది నాగులమ్మ, ఏ కోపం లేకుండా. "మా సుందరుడు. నువ్వూ వీడూ ఒకే పలక మీద ఉమ్మేసి తుడుసుకున్నోళ్ళు."

దేవరాజులు మిగిలిన వాగు ఎట్లా దాటాడో అతనికే తెలియదు. దగ్గరికి వచ్చి, ఆ జుట్టు కింద, ఆ గడ్డం కింద వెతికి వెతికి, కళ్ళ దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీది పైపంచె తీసి, సుందరరాజు నడుముకు చుట్టి ముడి వేశాడు. చినిగిన కంబళిని తీసి పక్కన పెట్టాడు. "నా బిడ్డను ఇచ్చినోడివి, నిన్ను కాల్సేదానికి వచ్చినానురా," అన్నాడు.  అవతలి గట్టున మునిరామయ్య తుపాకీలోంచి తూటా తీసి మొలలో దోపుకున్నాడు.

"పా, మా ఇంటికి పోదాం," అన్నాడు దేవరాజులు కాసేపటికి. "నా బిడ్డకు నువ్వే కనపడాల. మనిసివని నువ్వే సెప్పాల. మంగలిని పిలిపిస్తా, తలకు పోయిస్తా. పా."

ఇద్దరూ చెరోపక్క పట్టుకుని బండ దింపారు. వాగు అంచు దాకా వచ్చి సుందరరాజు ఆగిపోయాడు. చేతులు విడిపించుకుని ఇసుకలో కూర్చున్నాడు.

"దాటను. అత్తకు ఒక మాట సెప్పకుండా దాటలేను."

నాగులమ్మ కూడా కూర్చుంది. ఆమె ముఖం రాయిలా అయింది. "సెప్పు," అంది.

"వసంత లేదత్తా. కొండల్లో, ఒక ఏటి ఒడ్డున. వాంతులు, బేదులు. ఒక్క పొద్దే. నేనే మట్టి ఏసినా. నువ్వు నేర్పిచ్చిన ప్రార్థన తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు. కూడు ప్రార్థన చేసి పూడ్సినా అత్తా, దాన్ని."

నాగులమ్మ తల ఊపింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన ఆ మాట వచ్చేసింది. ఆమె ఏడవలేదు. అతని చెయ్యి పట్టుకుంది. "దానికేనా నువ్వు నా మొగం సూడలేక అడివిలో దాంకున్నావు? సావు నీ సేతుల్లో ఉండాదా, నాయనా?"

"దానికి గాదు." సుందరరాజు ఇసుక వైపే చూస్తున్నాడు. "బిడ్డ ఉండాది."

"ఏ బిడ్డ?"

"ఆడబిడ్డ. బాంబులు పడిన నెలకు పుట్టింది. రెండు నెలల గుడ్డును రొమ్ముకు కట్టుకొని నడిసినాం. వసంత పోయినాక నేనే మోసినా. కలకత్తా దాకా తెచ్చినా, ఈతట్టు రైలెక్కించినా. పాలు లేవు, గంజినీళ్ళు పోసి. రైల్లో నాకు జరం ముంచుకొచ్చె. సేతులు బిడ్డను పట్టలేకపోయినాయి. ఎదురుగా ఒక యమ్మ కూర్చోనుండె, శకుంతలమ్మ. మెడలో సిలువ. ఆమె బిడ్డ పురిట్లోనే పోయిందంట, పాలు గారిపోతాండాయి. బిడ్డను ఇట్లియ్యి నాయనా, నువ్వు బాగయినాక వచ్చి తీసుకపో అనింది. తడలో ఇల్లు అనింది. ఇచ్చినా. నేను గూడూరు ఆసుపత్రిలో తొమ్మిది నెలలు పడి ఉన్నా."

"బతికుందా?" నాగులమ్మ గొంతు ఊపిరికంటే గట్టిగా లేదు. "బతికుందా సుందరా?"

"లేసినాక తడకు పోయినా. పోయినేడు, ఎండలు తగ్గినాక. ఇల్లు కనుక్కున్నా. బిడ్డ వాకిట్లో నడుస్తాంది. పట్టు పావడ. బలే ఉండాది అత్తా, వసంత నోరే. దగ్గరికి పోయి సేతులు సాచినా. నా గడ్డం, నా పుండ్లు, ఈ కాలు. అది నన్ను సూసి..." అతను చేత్తో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందులోంచి మాట వచ్చింది. "బూచీ అని కెవ్వుమనింది. పరిగెత్తి ఆ యమ్మ కాళ్ళను సుట్టుకునింది. ఆ యమ్మ నన్ను గుర్తుపట్టలేదు. బిచ్చగాడనుకొని దోసెడు బియ్యం ఏసింది. బిడ్డ సెప్పింది నిజమే అనుకున్నా. బూచోళ్ళు ఉండాల్సింది అడివిలోనే గదా."

దేవరాజులు మొహం అటు తిప్పుకున్నాడు. రాజారత్నం కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గోళ్ళ గుర్తులు, నాలుగు కాళ్ళ అడుగులు, నల్లటి బొచ్చు, ఆరు నెలల భయం. వీటన్నిటికీ మూలం ఒక పసిబిడ్డ నోటినుంచి వచ్చిన రెండక్షరాలు.

నాగులమ్మ మాత్రం ముందుకు వంగి అల్లుడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"పేరేమి పెట్టినారు?"

"వసంతే పెట్టింది. నీ పేరే అత్తా. నాగులమ్మ."

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. కూతురి చావు వినీ కదలని మనిషి, ఇసుకలో చేతులు ఆనించి, పొర్లి పొర్లి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. అవతల గట్టున మునిరామయ్య కూడా తలపాగా తీసి నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి, లేచి, వాగు నీళ్ళతో మొహం కడుక్కుంది. కొంగు బిగించి దోపుకుంది.

"ఉపదేశయ్యా, తడకు ఎట్ల పోవాల?"

"మామండూరులో సాయంత్రం బండెక్కి రేణిగుంట. అక్కడ గూడూరు బండికి మారాల. గూడూరునుంచి మదరాసు పోయే బండి. రేపు పొద్దున్నే తడలో దిగొచ్చు."

"కరుణమ్మకు వీడి మొగం సూపిచ్చి, మనం ముగ్గురం ఆ బండికే పోదాం."

"అత్తా," అన్నాడు సుందరరాజు. "ఆ యమ్మ మొగుడు మిలిటరీలో. వచ్చే ఎండాకాలానికి ఆయన కాడికి జబ్బల్పూరు పోతామని పక్కింటోళ్ళతో సెప్తాంటే ఇన్నా. ఎండాకాలం వచ్చేస్తాంది. ఉండారో, పోయినారో."

నాగులమ్మ అతని చెయ్యి పట్టుకుని వాగులోకి దిగింది. నీళ్ళు చీలమండలు దాటాయి. రాజారత్నం వెనకనే దిగాడు. మూడు దినాలుగా తనను వేధించిన ప్రశ్న తీరిపోయింది. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. రెండేళ్ళు రొమ్ము పాలిచ్చి పెంచిన తల్లి ఇంటి ముందు రేపు ఉదయం తాము నిలబడతారు. వాక్యంలో దేన్ని తీసి ఆమెకు వినిపించాలి?

"అక్కా," అన్నాడు. "పోయేది బిడ్డను చూసేదానికా, తెచ్చుకునేదానికా?"

నడివాగులో నాగులమ్మ అడుగు ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. అల్లుడి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుని, అవతలి గట్టు వైపు నడిచింది.